సీసాల స్వామి

నిన్న పొద్దున బడికి బయల్దేరుతుంటే వాకిట్లో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. నిలువు నామం, చంకలో గొడుగు, కాళ్లనిండా దుమ్ము.

"బడి టీచరమ్మ ఇల్లు ఇదేనామ్మా?"

"ఇదే. మీరెవరు?"

ఆయన బొడ్లోంచి ఒక అగ్గిపెట్టె తీసి అరుగు మీద పెట్టాడు. చేతికివ్వలేదు. "మాయన్న నంద్యాల ఆసుపత్రిలో పనిచేస్తాండె. పోయినాడు. పదహారు దినాలాయ. ఇది నీకిచ్చి రమ్మన్నాడు" అన్నాడు.

ఆ పెట్టె తెరవనక్కరలేదు. అందులో జొన్నగింజంత రాయి ఉంటుందని నాకు తెలుసు. ఆ రాయి ఎవరి ఒంట్లో పుట్టిందో, ఎంత ఏడిపించి బయటపడిందో, పడ్డాక దాన్ని చూపించి ఆయన ఎందరిని నవ్వించాడో కూడా తెలుసు.

మంచినీళ్లు తాగుతారా అని అడిగితే వద్దన్నాడు. మేము క్రైస్తవులం, ఆయన అహోబిలం గుడిసేవ ఇంటివాడు. వద్దంటాడని తెలిసే అడిగాను. కానీ పని అయిపోయినా ఆయన పోలేదు. అరుగు చివర కూర్చుని, జడ వేయమని దువ్వెన పట్టుకుని నిలబడిన మా పాప మొహం వైపే చూస్తున్నాడు. ఇదేం మనిషిరా బాబూ అనుకున్నాను.

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. నాకు అంత ఓపిక లేదు. మా నాయన తరువాత నేను అంతగా నమ్మిన మనిషి ఆయనే. నన్ను నిలువునా మోసం చేసిందీ ఆయనే. పేరు మాత్రం రాయను.

నంద్యాలలో అది ఏ ఆసుపత్రో ఎందుకులే. వెనకవైపు బావి పక్కన ఒక చిన్న గది, ఆ గదిలో ఆయన. చుట్టుపక్కల ఊళ్ల రోగుల మూత్రం పరీక్ష చేసి, చీటీ రాసి డాక్టరమ్మకు పంపడం ఆయన పని. అందరూ ముందర స్వామీ అనేవాళ్లు, వెనక సీసాల స్వామి అనేవాళ్లు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. "మా నాయన అహోబిలంలో తీర్థం పోస్తాండె, నేను ఈడ ఇది పోస్తాండా. ఏదైనా పోసే వంశమే మాది" అని తనే నవ్వేవాడు. ఇంట్లోవాళ్లు మాత్రం నవ్వలేదు. తలస్నానం చేసి బట్టలు మార్చుకుంటే తప్ప వంటింటి గడప దాటనిచ్చేవాళ్లు కాదట.

మాటలో దాపరికం ఉండేది కాదు. "డాక్టరమ్మ యూరిన్ అంటాది, నువ్వు మూత్రం అంటావు, నేను ఉచ్చ అంటా. సీసాలో ఉండేది మారతాదా?" అనేవాడు.

ఆ సీసాల సంగతి చెప్పాలి. బనగానపల్లె వాళ్లు అత్తరు సీసాలో పట్టుకొచ్చేవాళ్లు. "వాసన నవాబుది, రోగం వీనిది" అని ముక్కు మూసుకునేవాడు. గడివేముల రైతులు ఆముదం సీసాలో తెచ్చేవాళ్లు. ప్యాపిలి నుంచి ఒకామె ఊరగాయ జాడీ నిండా తెచ్చి, "చాలకుంటే మళ్లా తెస్తా సామీ" అందట. ఆయన అందరినీ తిట్టేవాడు, ఎవరినీ ఊరికే వెనక్కి పంపేవాడు కాదు. తనే బావి దగ్గర కూర్చుని సీసాను వేడినీళ్లతో కడిగి చేతిలో పెట్టి, "పోయి మళ్లా పట్టుకురా. సీసాలో ముందే ఏముండాదో తెలీకుంటే, నీ లోపల ఏముండాదో నాకేం తెలుస్తాది?" అనేవాడు.

ఇంకొక అలవాటు, గంటకొక చెంబు నీళ్లు తాగడం. నాపరాళ్ల నేల, నీళ్లలో సున్నం ఎక్కువ. ఆ నీళ్లే తన మూత్రపిండంలో రాయి కట్టాయని ఆయన నమ్మకం. మళ్లీ కట్టకుండా ఉండాలంటే ఇంకా ఎక్కువ నీళ్లు తాగమని డాక్టరమ్మ చెప్పిందట. "చేసిందీ నీళ్లే, కడగాల్సిందీ నీళ్లే" అంటూ చెంబు ఎత్తేవాడు. ఒకసారి ఒక గాజు గొట్టం వెలుతురుకు పట్టి, "ఇది నాదమ్మా. బావి నీళ్లకూ దీనికీ తేడా చెప్పు, నీకు ఏం కావాలంటే అది కొనిస్తా" అన్నాడు. నేను ఛీ అని మొహం తిప్పుకున్నాను.

ఆయన దగ్గరికి నేను మొదట పోయింది రోగంతో కాదు, పాఠం కోసం. యుద్ధం మొదలైన రోజులు. బడిలో శరీరం పాఠాలు నా నెత్తిన పడ్డాయి. గుండె చెప్పాను, ఊపిరితిత్తులు చెప్పాను, మూత్రపిండాల దగ్గర ఆగిపోయాను. పుస్తకంలో నాలుగు వాక్యాలు, ఒక మసక బొమ్మ. ఆ మాట వినగానే పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం. గొంతు నొప్పికి మందు తెచ్చుకోవడానికి నంద్యాల పోయినప్పుడు, బావి దగ్గర సీసాలు కడుగుతున్న ఆయన్ను అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "కూర్చో" అని స్టూలు జరిపాడు.

"రెండుంటాయి. వీపుకానుకొని, పక్కటెముకల కింద, ఈపక్కొకటి ఆపక్కొకటి. అలసంద గింజను పిడికిలంత చేసినావనుకో, అదే రూపం. ఒంట్లో నెత్తురంతా దినానికి ఎన్నోమార్లు దాంట్లోకి పోయి వస్తాది. లోపల లక్షల జల్లెడలు, కంటికి ఆనవు."

"అంటే చెడ్డది కిందికి పోయి, మంచిది పైన నిలుస్తుందన్నమాట" అన్నాను.

"ఆడ్నే అందరూ తప్పుచేసేది. మా దేవళంలో తిరునాళ్ల ముందర సామాన్ల గది సర్దుతారు. ఏం చేస్తారు? ఉన్నదంతా బయటేస్తారు. గంగాళం, గంట, చినిగిన గొడుగు, ఎలుకలు కొట్టిన గుడ్డలు, అంతా. తర్వాత కావాల్సినవి ఒక్కొక్కటి లోపలికి తెచ్చుకుంటారు. మిగిలింది చెత్త. ఇదీ అంతే. కడవల కొద్దీ బయటేసి, నీళ్లు గానీ ఉప్పు గానీ చక్కెర గానీ, ఒంటికి కావాల్సినంత మళ్లా లోపలికి లాక్కుంటాది. యింగ మిగిలిన చెంబెడే ఉచ్చ. అది సన్న గొట్టాల్లో దిగి తిత్తిలో చేరతాది. తిత్తి నిండితే నీకు కబురు చేస్తాది, నువ్వు పాఠం మధ్యలో ఉన్నా సరే."

నేను నవ్వితే ఆయన నవ్వలేదు. "బయటెయ్యడం ఎవరైనా చేస్తారమ్మా. ఏది మళ్లా లోపలికి తెచ్చుకోవాల్నో తెలిసుండాల" అన్నాడు.

ఆ రోజే పరీక్ష కూడా నాచేత చేయించాడు. జల్లెడ చినిగితే నెత్తుట్లో ఉండాల్సిన బలం మూత్రంలోకి కారిపోతుంది. అది గుడ్డు తెల్లసొన లాంటిది, వేడి తగిలితే గడ్డకడుతుంది. గొట్టం అడుగు పట్టుకుని పై భాగాన్ని స్పిరిటు దీపం మీద కాంచాలి. తేటగా ఉంటే మంచిది. మబ్బు పట్టిందా, ఒక్క ఆసిడు చుక్క వేయాలి. చుక్క పడ్డాక మబ్బు విరిగిపోతే భయం లేదు, నిలిచిందంటే జల్లెడ చినిగినట్టే. "నేను గుడ్డు ముట్టను. కానీ దినానికి పది గొట్టాల్లో గుడ్డు ఉడకబెడతాండా. మా వంశంలో ఎవురన్నా చేసినారా?" అన్నాడు. తరువాత గొట్టం నా కళ్లముందు ఊపుతూ, "మనిషి అబద్ధం చెప్తాడు. డాక్టరు పొరపాటు పడతాడు. ఇది మాత్రం చెప్పదు. ఎవురేం చెప్పినా వినొద్దు, దీన్ని చూడు" అన్నాడు.

సామాన్ల గది పాఠం బడిలో చెబితే ఒక్క పిల్లవాడు నవ్వలేదు. ఆ తరువాత నంద్యాల పోయినప్పుడల్లా ఆయన గదిలో ఒక గంట కూర్చుని వచ్చేదాన్ని. నాకు పెళ్లి లేదు, నాయన లేడు. చదువుకున్న మాటలు మాట్లాడటానికి మా వీధిలో ఎవరూ లేరు. ఆ గది నాకు పుట్టింటిలా ఉండేది.

నాకున్నది ఒక్క చెల్లెలు. మరిది పట్టాళంలో చేరి యుద్ధానికి పోతే, చెల్లెలు ఆళ్లగడ్డలో నా దగ్గరే ఉండేది. అంతకుముందు రెండు కాన్పులు నిలవలేదు. మూడోసారి ఏడో నెలలో కాళ్లు వాచాయి. బొటనవేలితో నొక్కితే గుంట పడి అట్లాగే ఉండిపోయేది. నంద్యాల తీసుకుపోయాను. స్వామి నా ముందరే గొట్టం కాంచాడు. మబ్బు పట్టింది. చుక్క వేశాడు. మబ్బు నిలిచింది.

డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. ఉప్పు మానాలి, మంచం దిగకూడదు, వారం వారం పొద్దుటి మూత్రం పంపాలి. మబ్బు ఎక్కువైతే ఆలస్యం చేయకుండా తీసుకురావాలి, బిడ్డను ముందే బయటికి తీయాల్సి వస్తుంది. అట్లా తీస్తే ఆ బిడ్డ బతుకుతుందని చెప్పలేను అంది. చెల్లెలు తల వంచుకుని విన్నది.

నేను మందులు తీసుకుని వచ్చేసరికి చెల్లెలు స్వామి గదిలో స్టూలు మీద కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఒళ్లో అగ్గిపెట్టె తెరిచి ఉంది. స్వామి కిటికీ వైపు తిరిగి నీళ్లు తాగుతున్నాడు.

"ఏందే?" అన్నాను.

"ఏంలేదక్కా. స్వామి రాయి చూపించినాడు" అంది.

ఆ రాయి చూసి ఏడ్చినవాళ్లు అంతవరకు లేరు. అది నాకు అప్పుడు తట్టలేదు.

మరుసటి శనివారం సీసాను తడిగుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. పెట్రోలు కరువు రోజులు, బొగ్గుతో నడిచే బస్సు. వెనక డ్రమ్ములో బొగ్గు రాజుకునేదాకా కదలదు, కదిలితే సిరివెళ్ల దాటేలోపు రెండుసార్లు ఆగుతుంది. గదికి చేరేసరికి నా మొహమంతా మసి. స్వామి సీసా అందుకుని వెలుతురుకు పట్టి చూశాడు.

"బస్సు కుదుపులకు అడుగంతా కదిలిపోయిండాది. వడకట్టి తెస్తా, ఉండు" అని లోపలి అరలోకి పోయాడు. గొట్టంతో వచ్చి నా కళ్లముందే దీపం మీద పెట్టాడు. నీళ్లు మరిగాయి. తేటగానే ఉంది. చుక్క వేశాడు. అప్పుడూ తేటే.

నేను ఏడ్చాను. "చప్పిడి కూడు పనిచేసింది స్వామీ" అన్నాను. ఆయన చీటీ మీద 'లేదు' అని రాశాడు.

అట్లా నాలుగు శనివారాలు. నాలుగుసార్లూ వడకట్టడం, నాలుగుసార్లూ తేట. ఇంటి దగ్గర చెల్లెలికి తెల్లవారితే కనురెప్పలు ఉబ్బి కళ్లు తెరుచుకునేవి కావు. ఉంగరం వేలి నుంచి రాలేదు. అదేంటని స్వామిని అడిగితే, కడుపు బరువుకు నరాలు నొక్కుకుంటే వాపు తగ్గదమ్మా అన్నాడు, నా మొహం చూడకుండా. చెల్లెలేమో, "గొట్టం చూసి నమ్మవు, నా మొగం చూసి భయపడతాండావు, ఏం టీచరమ్మవక్కా నువ్వు" అని ఎగతాళి చేసేది. నిజమే కదా అనుకున్నాను. నా కళ్లు రోజూ చూస్తున్నదాన్ని పక్కనబెట్టి గొట్టాన్ని నమ్మాను. నమ్మమని నేర్పింది ఆయనే.

అయిదో వారం, గురువారం పొద్దున చెల్లెలు తల పగిలిపోతోందంది. కాసేపటికి నేను కనబడటం లేదంది. తరువాత ఫిట్లు. బస్సు దగ్గరికి పరిగెత్తితే బొగ్గు ఇంకా రాజుకోలేదు. మంత్రసాని వచ్చింది. పిల్లికూనంత ఆడబిడ్డ పుట్టి, సన్నగా ఏడ్చింది. ఆ ఏడుపు చెల్లెలికి వినిపించిందో లేదో నాకు తెలియదు. మధ్యాహ్నానికి చెల్లెలు పోయింది.

సమాధి చేసిన తరువాత, పసిదాన్ని పక్కింటామెకు అప్పగించి నంద్యాల పోయాను. ఆసుపత్రి సీసా తిరిగి ఇవ్వాలన్నది సాకు. ఆయన దగ్గర కూర్చుని ఏడవాలని పోయాను, అంతే. నా ఏడుపు వినగలిగిన మనిషి ఆయనొక్కడే అనుకున్నాను.

"మీ గొట్టం కూడా తప్పు చెప్తుందా స్వామీ?" అన్నాను.

ఆయన చేతిలో చెంబు కింద పెట్టాడు. తరువాత, "గొట్టం తప్పు చెప్పలేదమ్మా. అది నాది" అన్నాడు.

"ఏంది మీది?"

"గొట్టంలో ఉండింది. నాలుగు మార్లూ నాదే. లోపలికి పోయి నాది పోసి తెస్తి. నీ చెల్లెలిది మొదటి వారంకంటే ముదిరింది."

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక స్టూలు అంచు పట్టుకున్నాను.

"ఆ పొద్దు నువ్వు మందులకు పోయినప్పుడు నీ చెల్లెలు నా కాళ్లు పట్టుకునె. ఇద్దరు పోయిరి స్వామీ, ఇది కూడా పోతే నేను బతికి ఏం చేసేది అనె. ఇంగో నెల కడుపులో ఉండనియ్, నేనుంటే ఉంటా పోతే పోతా అనె. నేను కాదనలేకపోతి."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు ఊరుకుంటావామ్మా?"

"ఊరుకోను! ఊరుకోకూడదనే కదా నాకు నేర్పించింది! ఏమీ తెలియని మనిషికైతే బాగుందమ్మా అని ఒక మాట చెప్పి పంపేవాళ్లు. నాకు తెలుసు గనక నా ముందర దీపం వెలిగించి నాటకమాడినారు. చుక్క గూడా వేసినారు కదా స్వామీ! చుక్క ఎందుకు వేసినారు?"

నేను తెచ్చిన సీసాను గోడకేసి కొట్టి వచ్చేశాను.

డాక్టరమ్మకు చెప్పలేదు. చెప్పి ఉంటే ఆయన ఉద్యోగం పోయేది. దయతో మానుకున్నాననుకోకండి. చెబితే చెల్లెలు చేసింది కూడా నలుగురి నోళ్లలో పడుతుందని మానుకున్నాను. ఆ పిచ్చిది నా పక్కనే పడుకుని, నేను వండిన చప్పిడి కూడు తిని, నన్ను ఎగతాళి చేసి పోయింది. దాని మీద కూడా నాకు కోపమే. కానీ దాన్ని తిట్టబోతే పాప మొహం అడ్డం వస్తుంది. ఆయన మీద కోపానికి అడ్డం వచ్చేది ఏదీ లేదు. బిడ్డను బతికించాడు కదా అని నాలో నేను ఎన్నోసార్లు వాదించుకున్నాను. బతికించాడు. ఎవరు పోవాలి ఎవరు ఉండాలి అన్న సంగతిలో నన్ను మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. అది నేను మరిచిపోలేదు.

యుద్ధం ముగిసింది. మరిది వచ్చి పాపను ఒక రోజు ఎత్తుకుని, మళ్లీ పెళ్లి చేసుకుని వెళ్లిపోయాడు. పాప నన్ను పెద్దమ్మా అంటూ పెరిగింది. దానికి అయిదేళ్లు నిండిన ఏడాది కాళ్లకు పుండ్లు లేచి మానాయి. ఆ వెనకే ఒకరోజు పొద్దున నిద్రలేచిన పాప మొహాన్ని వెలుతురుకు తిప్పి చూశాను. కనురెప్పలు అట్లాగే ఉబ్బి ఉన్నాయి. మూత్రం బెల్లం నీళ్ల రంగులో వచ్చింది.

నంద్యాల తప్ప దిక్కు లేదు. బావి పక్క గది అదే, మనిషీ ఆయనే. చిక్కిపోయాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"నేనే కాంచుతాను" అన్నాను.

ఆయన దీపం వెలిగించి, గొట్టం, ఆసిడు సీసా బల్ల మీద పెట్టాడు. "నేను బయటుంటా" అని పోయి, గదికి వీపు పెట్టి మెట్టు మీద కూర్చున్నాడు. గొట్టం మబ్బు పట్టింది. చీటీ నేనే రాసి డాక్టరమ్మకు ఇచ్చాను. పిల్లల్లో ఇది చాలావరకు తగ్గిపోతుంది, పథ్యం చేయించి పడుకోబెట్టు అందామె. రెండో వారం పోయాను. మబ్బు పలచబడింది. ఆయన మెట్టు మీద నుంచి కదలలేదు, అడగలేదు.

మూడోసారి గొట్టం మరిగింది. తేటగా ఉంది. చుక్క వేశాను. తేటే. మళ్లీ ఒకసారి కాంచాను. అద్దంలా ఉంది. నాకు గట్టిగా అరవాలనిపించింది.

బయట నుంచి, ఇటు తిరగకుండానే, "ఎట్లుండాదమ్మా?" అన్నాడు.

నేను గొట్టం పారబోశాను. నీళ్లతో రెండుసార్లు కడిగి, తుడిచి, గొట్టాలు పెట్టే చెక్కలో బోర్లించాను. ఒక్క చుక్క మిగలకుండా చూసుకున్నాను. పాపను చంకనేసుకుని ఆయన పక్కనుంచే మెట్లు దిగిపోయాను. అప్పుడు నాకు తృప్తిగా ఉండింది. అబద్ధం ఎందుకు, ఇప్పటికీ ఆ రోజు తలుచుకుంటే కొంచెం తృప్తిగానే ఉంటుంది.

ఆ మనిషి తమ్ముడు నిన్న నా అరుగు మీద కూర్చుని, కదలకుండా మా పాపను చూస్తున్నాడు. "బడికి వేళైంది. ఇంకేమన్నా చెప్పాలా?" అన్నాను.

"చెప్పేదేం లేదమ్మా. చివర్న మాయన్న మొగమంతా ఉబ్బె. తనది తానే కాంచి చూసుకునె, గొట్టమంతా మబ్బేనంట. మంచాన పడినంక గూడా ఆళ్లగడ్డ నుంచి ఎవరొచ్చినా ఒకటే అడుగుడు, టీచరమ్మ పాప మొగం ఉబ్బుంటాదా అని. వాళ్లకేం తెలుస్తాది? డాక్టరమ్మను అడగరాదా అంటి. వద్దు, చెప్పాల్సిన మనిషి చెప్పలేదు అనె. ఆఖర్న నాతో అనె, అగ్గిపెట్టె ఇచ్చేదానికని పోయి, ఆ పాప మొగం చూసి రాపో అని. నేను బయల్దేరేలోపలే పోయినాడు."

ఆయన లేచి గొడుగు చంకన పెట్టుకున్నాడు. పాప దువ్వెన పట్టుకుని ఆయన్నే చూస్తోంది.

"చూసినా. వాపేం లేదు. సుబ్బరంగుండాది బిడ్డ" అన్నాడు. వాకిలి దాటి నాలుగడుగులు పోయి, మళ్లీ వెనక్కి తిరిగాడు.

"యింగ ఎవురికి పోయి చెప్పేదమ్మా?"